బ్రేక్ వేస్తే ఇంజిన్ ఆగిపోతోందా? బూస్టర్ మార్చే ముందు ఇవి చూడండి

మీ నాన్నగారి పాత టాటా 407 బ్రేక్ వేసినప్పుడల్లా ఆఫ్ అయిపోతోంది, సెల్ఫ్ కొడితే మళ్లీ అందుకుంటోంది, మెకానిక్ బ్రేక్ బూస్టర్ (పెడల్ తొక్కే బలాన్ని పెంచే డబ్బా) మార్చమంటున్నాడు, మార్చాలా వద్దా అని కదా అడిగారు. ఇప్పుడే మార్చకండి బ్రదర్. బూస్టర్ వల్ల ఇంజిన్ ఆగడం పెట్రోల్ బళ్ల జబ్బు. వాటిలో బూస్టర్‌కి కావాల్సిన వ్యాక్యూమ్ (పీల్చే శక్తి) ఇంజిన్లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ నుంచే వస్తుంది, కాబట్టి లోపల డయాఫ్రమ్ అనే రబ్బరు పొర చిరిగితే పెడల్ తొక్కగానే అదనపు గాలి ఇంజిన్లోకి దూరుతుంది, అది నిలబడలేక ఆగిపోతుంది. మీది డీజిల్. దీనికి వ్యాక్యూమ్ వేరే పంపు ఇస్తుంది, మామూలుగా ఆల్టర్నేటర్ వెనక బిగించి ఉంటుంది. బూస్టర్ పోతే మీ పెడల్ రాయిలా గట్టిపడుతుంది తప్ప ఇంజిన్ ఆగదు. యూట్యూబ్‌లో అమెరికా పెట్రోల్ పికప్‌ల వీడియోలు చూసి ఇక్కడ డీజిల్ బళ్లకి బూస్టర్లు విప్పేవాళ్లు ఎక్కువయ్యారు, అదో గోల.

ముందు తేల్చాల్సింది ఒకటే: ఇంజిన్ని ఆపుతున్నది పెడలా, బండి వేగం తగ్గడమా? బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో స్లో రన్నింగ్ మీద ఉంచి బ్రేక్ గట్టిగా పదిసార్లు తొక్కండి. అప్పుడు కూడా ఆగితే వైరింగ్ చూడాలి. కీ తిప్పితే ఆఫ్ అయ్యేలా సాలినాయిడ్ (కరెంటు పోగానే డీజిల్ ఆపేసే వాల్వు) పెట్టిన బండి అయితే, బ్రేక్ లైటు వైరు ఎక్కడో చాసిస్‌కి ఒరుసుకుని షార్ట్ అవుతూ సాలినాయిడ్ కరెంటుని కూడా పడగొట్టొచ్చు. నిలబడి ఉండగా ఆగకపోతే పెడల్‌కి సంబంధం లేనట్టే. నమ్మకం కుదరకపోతే ఖాళీ మైదానంలో మెల్లగా పోనిచ్చి, ఫుట్ బ్రేక్ ముట్టకుండా న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేక్‌తో ఆపండి. అలా ఆపినా ఇంజిన్ పోతోందంటే ఇక బ్రేకుల జోలికి వెళ్లక్కర్లేదు. న్యూట్రల్‌లో ఆపితే బాగుండి, గేరులో క్లచ్ తొక్కి ఆపితేనే పోతుంటే మాత్రం క్లచ్ పూర్తిగా విడవట్లేదు.

ఇక్కడి నుంచి చెవి పెట్టాలి. టక్కున, కీ తీసేసినట్టు ఆగుతోందా, లేక బండి నిలబడ్డాక కాస్త దగ్గి, ఊగి ఆగుతోందా? టక్కున ఆగితే ఇంజిన్ మౌంటింగులు చూడండి. రబ్బర్లు అరిగిపోతే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ఇంజిన్ మొత్తం ముందుకి కదులుతుంది, ఇంజిన్ ఆపడానికి లాగే స్టాప్ కేబుల్ బిర్రుగా ఉందనుకోండి, ఆ కదలికకే డీజిల్ పంపు మీది స్టాప్ లీవర్ లాగబడుతుంది. ఒకరు క్యాబిన్‌లో కూర్చుని క్లచ్ కొద్దిగా వదులుతూ బండిని ముందుకీ వెనక్కీ ఊపుతుంటే, ఇంకొకరు పక్కనుంచి ఆ లీవర్‌నే చూస్తే తెలిసిపోతుంది. చేతులు మాత్రం దూరంగా పెట్టుకోండి.

దగ్గి ఆగుతుంటే ముందుగా డీజిల్ లైన్లో గాలి పడుతోందని అనుమానించాలి. నా బండికి జరిగింది ఇదే. మదనపల్లె నుంచి టమాటా వేసుకుని చెన్నై వైపు వెళ్లేవాణ్ణి. ట్యాంకు నిండా ఉన్నంతసేపు ఏ కంప్లయింటూ లేదు, సగం దిగాక మొదలయ్యేది. మొగిలి ఘాట్ దిగేటప్పుడైతే బ్రేక్ మీద కాలు పెట్టకపోయినా ఇంజిన్ తడబడేది, నాకు అనుమానం వచ్చింది అక్కడే. ఫిల్టర్ మార్చారు, నాజిల్స్ చెక్ చేశారు, డీజిల్ పంపు దించుదామన్నారు. పంపు దించడం అంటే ఖర్చు మామూలుగా ఉండదు కాబట్టి ఆగమని చెప్పి, ట్యాంకుతో పని లేకుండా నడిపి చూశాం: శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, క్యాబిన్ వెనక ఎత్తులో కట్టి, కొత్త పైపుతో నేరుగా ఫీడ్ పంపుకి (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) ఇచ్చి, ఆటోనగర్ రోడ్డులో కావాలని సడన్ బ్రేకులు వేశాం. ఒక్కసారీ ఆగలేదు. ట్యాంకులోంచి డీజిల్ పీల్చే పికప్ పైపు బయటికి తీస్తే దాని నడుమ, తుప్పు గీకాక, గుండుసూది మొన పట్టేంత రంధ్రం. డీజిల్ ఆ రంధ్రానికి పైన ఉన్నంతసేపు బాధ లేదు, మట్టం దిగాక బ్రేక్ వేస్తే డీజిలంతా ముందుకి ఒరిగి రంధ్రం బయటపడుతుంది, గాలి లాగుతుంది. ఆ గాలి ఫిల్టర్ దాటి పంపు చేరేదాకా కాస్త టైం పడుతుంది, అందుకే బ్రేక్ వేసిన క్షణంలో కాకుండా నిలబడ్డాక ఆగేది.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా లైను పీల్చే వైపు, అక్కడ కన్నం పడితే డీజిల్ పెద్దగా కారదు, గాలి లోపలికి వెళ్తుంది. కాబట్టి కింద తడి లేదు, లీకు లేదు అని వదిలేయొద్దు. ఫీడ్ పంపుకి ముందు ఒక జానెడు డీజిల్‌కి పనికొచ్చే పారదర్శక పైపు వేస్తే బుడగలు కంటికి కనిపిస్తాయి. పాత రబ్బరు హోసు, క్లిప్పులు, పైపు చివర్లు బిగించే బ్యాంజో బోల్టుల కింద కాపర్ వాషర్లు, చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్, ఇవన్నీ కొత్తవి వేసినా బూస్టర్ ఖరీదులో మూలకి రావు. వాషర్లు పాతవి తిప్పి వేసే అలవాటు కొందరికి ఉంటుంది, దగ్గరుండి కొత్తవి వేయించండి.

స్లో రన్నింగ్ పెంచేసి ఇచ్చేస్తామంటే ఒప్పుకోకండి. జబ్బు దాక్కుంటుంది, అంతే. ఇది తేలేదాకా లోడు వేసి ఘాట్‌లో మాత్రం దిగొద్దు, ఇంజిన్ ఆగితే వ్యాక్యూమ్ పంపు కూడా ఆగుతుంది, మిగిలిన వ్యాక్యూమ్‌తో రెండు మూడు తొక్కులు దొరుకుతాయేమో, ఆ తర్వాత పెడల్ మీద నిలబడ్డా బండి తేలిగ్గా ఆగదు. నాన్నగారికి ఈ మాట గట్టిగా చెప్పండి.

అమెరికాలో పాత పెట్రోల్ పికప్ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, మీకు బూస్టర్ అనుమానం సబబే. దాని హోసు తీసి మ్యానిఫోల్డ్ వైపు మూసేసి, నిలబెట్టిన చోటే చూడండి, స్లో రన్నింగ్ కుదురుకుంటే దొంగ దొరికినట్టే. పాత ఆటోమేటిక్ గేరు బండి అయి, దాని టార్క్ కన్వర్టర్‌కి (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపేది) లాకప్ ఉంటే, ఆగే టైంకి ఆ లాకప్ పట్టు విడవకపోయినా ఇలాగే ఆఫ్ అవుతుంది.

మీరు ట్యాంకు ఫుల్ చేయించి ఒక రోజు తిప్పి, అప్పుడూ ఆగుతోందా, ఆగితే టక్కుననా, నిలబడ్డాకనా అన్నది రాయండి, మిగతాది అప్పుడు చెప్తా.