అద్దె ఇంట్లో కుక్కపిల్ల కొరుకుడు

ప్రశ్న: అన్నగారూ, ఉద్యోగాల కోసం విజయవాడ నుంచి బెంగళూరు వచ్చి బెళ్లందూరులో ఒక ఫ్లాటులో అద్దెకు ఉంటున్నాం. నాలుగు నెలల లాబ్రడార్ పిల్ల ఉంది. చెప్పులు, ఛార్జర్ వైర్లు, తలుపు చట్రం, దేన్నీ వదలడం లేదు. సాయంత్రమైతే మా చేతులు, మడమలు పట్టుకుని కొరుకుతోంది. రెండు దెబ్బలు వేస్తే దారికొస్తుందని పక్కింటివారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, పక్కింటివారు మంచివారే కావచ్చు గానీ ఆ సలహా మాత్రం వద్దు. దెబ్బ తిన్న కుక్కపిల్ల కొరకడం మానదు. చెయ్యి దగ్గరికి వస్తే భయపడటం నేర్చుకుంటుంది. భయపడే కుక్క ఏడాది నిండాక కొరికితే అది ఆట కాదు.

మీ పిల్లకు ఇప్పుడు పళ్లు మారుతున్నాయి. 28 పాలపళ్లు ఊడిపోయి 42 గట్టి పళ్లు వచ్చే కాలం ఇది. నాలుగో నెల ప్రాంతంలో మొదలై ఆరేడు నెలలకు పూర్తవుతుంది. చిగుళ్లు సలుపుతుంటే ఏదో ఒకటి నమలక తప్పదు. ఇంటి దగ్గర కుక్కలు పెరట్లో పెరిగేవి. ఏ కట్టెముక్క నమిలినా, ఏ పాత చెప్పు పీకినా అడిగేవారు లేరు. రెండు పడగ్గదుల ఫ్లాటులో దానికి అందేవన్నీ మీ సామాన్లే, కాకపోతే ఓనరు సామాన్లు. కాబట్టి నమలడాన్ని ఆపే పని పెట్టుకోకండి. ఏం నమలాలో మీరు నిర్ణయించండి.

తడి గుడ్డను మెలిపెట్టి ఫ్రీజరులో గట్టిపరచి ఇవ్వండి, చిగుళ్లకు హాయిగా ఉంటుంది. పీలికలు మింగకుండా పక్కనే ఉండి చూడాలి. పెట్ షాపుల్లో లోపల గుల్లగా ఉండే రబ్బరు బొమ్మలు దొరుకుతాయి. అందులో ఉప్పు, తాలింపు లేని పెరుగన్నం కూరి గడ్డకట్టిస్తే మీకు అరగంట ప్రశాంతత. కొనే వస్తువు ఏదైనా గోటితో నొక్కి చూడండి. కాస్తయినా నొక్కు పడకపోతే అది పళ్లు విరగ్గొట్టేంత గట్టిదని అర్థం. ఆదివారం కూరలో ఉడికిన మటన్, చికెన్ ఎముకలు ఎంత జాలిగా చూసినా పెట్టకండి. ఉడికిన ఎముక పుల్లలుగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కుక్కకు విషం. హ్యాండ్‌బ్యాగు నేల మీద పెట్టే అలవాటుంటే ఈ రోజే మానండి.

వైర్ల విషయంలో శిక్షణ గురించి ఆలోచించకండి, అందకుండా చేయండి. ప్లగ్గులు తీసేయండి, సోఫా వెనక్కి కట్టండి, మీరు చూడలేని వేళల్లో అడ్డుగేటు పెట్టి ఒకే గదిలో ఉంచండి. తలుపు చట్రాలకు చేదు స్ప్రే కొన్ని కుక్కల మీద పనిచేస్తుంది, కొన్ని దాన్ని కూడా చప్పరిస్తాయి.

ఇక చేతులు కొరకడం. కుక్కపిల్లలు దీని హద్దు తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర నేర్చుకుంటాయి. గట్టిగా కొరికితే అవతలిది ఆట ఆపేస్తుంది, అంతే పాఠం. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా, నెల పిల్లలనే అంటగట్టే అమ్మకందార్లు ఉన్నారు. అలా వచ్చిన పిల్లకు ఆ పాఠం మీరే చెప్పాలి. పళ్లు తగలగానే చెయ్యి విసురుగా లాక్కోకండి, లాగితే దానికి అది మరో ఆట. చెయ్యి వదులుగా ఉంచి, కదలకుండా, మాట్లాడకుండా నిలబడండి. వదలగానే బొమ్మ అందించండి. మళ్లీ అదే పని చేస్తే లేచి అడ్డుగేటు దాటి ఒక అర నిమిషం పక్కకు వెళ్లండి. మూతి బిగించి పట్టుకోవడం, ముక్కు మీద కొట్టడం వద్దు. ఇంట్లో అందరిదీ ఒకే పద్ధతి కావాలి. మీరు 'వద్దు' అని, మీ ఆవిడ 'నో' అని, పనమ్మాయి 'బేడ' అని ఆపుతుంటే అది దేన్నీ లెక్కచేయదు. ఒక మాట ఖాయం చేసుకోండి, కన్నడమైనా ఫరవాలేదు.

సాయంత్రం రెచ్చిపోవడానికి కారణం చాలాసార్లు అలసటే. ఈ వయసు పిల్ల రోజుకు 18 గంటల దాకా నిద్రపోవాలి. మీరిద్దరూ ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి అది పగలంతా ఒంటరిగా ఉండి విసిగి ఉంటుంది. వెంటనే బంతులు విసిరి ఇంకా రెచ్చగొట్టకండి. కాసేపు వాసన చూస్తూ నెమ్మదిగా నడవనిచ్చి, తిండి పెట్టి, చీకటిగా ఉన్న మూల పడుకోబెట్టండి. మధ్యాహ్నం ఎవరో ఒకరు వచ్చి పోయే ఏర్పాటు లేకుండా పది గంటలు ఒంటరిగా వదిలేస్తే మాత్రం ఏ బొమ్మా తలుపును కాపాడలేదు.

ఆటలో అయినా చర్మం తెగి రక్తం వస్తే ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. మన కుక్కే కదా అనుకోవద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించే మందు లేదనే చెప్పాలి. కుక్కపిల్లకు మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాలి. మీది ఇంకా పడకపోతే ఈ వారమే తీసుకెళ్లండి. హెబ్బాళలోని ప్రభుత్వ పశువైద్య కళాశాల ఆసుపత్రి కూడా ఉంది. తిండి గిన్నె దగ్గరికి వెళితే ఒళ్లు బిగబట్టి, కళ్లప్పగించి గుర్రుమంటే అది పళ్ల దురద కాదు. ఆ సంగతి పశువైద్యుడికి విడిగా చెప్పండి.

లిఫ్టులో పట్టీ కురచగా పట్టుకోండి. పెంపుడు కుక్కలను నిషేధించే హక్కు అపార్ట్‌మెంటు సంఘాలకు లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. అయినా పక్కింటి పిల్లవాడి మడమ మీద ఒక్క గాటు పడితే ఆ కాగితం చూపించి గెలవలేరు.

ఓనరుకు కుక్క ఉన్న సంగతి ఇంకా చెప్పకపోతే ఇప్పుడే చెప్పి అద్దె ఒప్పందంలో రాయించుకోండి. ఇక్కడ అడ్వాన్సు చిన్న మొత్తం కాదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు కింద ఒక నెల అద్దె పట్టుకోవడం చాలాచోట్ల ఉన్న అలవాటే, దాని మీద తలుపు చట్రం లెక్క వేరే. చట్రం మీది పళ్ల గాట్లకు ఇప్పుడే మరమ్మతు చేయిస్తే డబ్బు దండగ, మళ్లీ కొరుకుతుంది. పళ్లు మారాక కూడా ఏడాది దాటేదాకా లాబ్రడార్లకు నమిలే సరదా ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసే ముందు నెలలో మీరే వడ్రంగిని పిలిపించి గాట్లు పూడ్పించి పాలిష్ వేయించండి. ఓనరు వేసే లెక్క కన్నా అది చవక.