బాబు చేతికి పసుపు పట్టీ ఎందుకు కట్టారు?

పిల్లల వార్డులో పనిచేసే సీనియర్ నర్సు పాఠకుల ప్రశ్నలకు ఇచ్చే జవాబులు

ప్రశ్న: సిస్టర్ గారూ, మా బాబుకి రెండేళ్ల ఎనిమిది నెలలు. న్యుమోనియా అని ఆస్పత్రిలో చేర్చాం. చేర్చిన కాసేపటికే నర్సు వచ్చి ఏవేవో అడిగి, కాగితం మీద మార్కులు వేసుకుని, మొత్తం 17 వచ్చిందని వాడి చేతికి పసుపు పట్టీ కట్టింది. మంచానికి 'పడిపోయే ప్రమాదం ఎక్కువ' అని బోర్డు కూడా తగిలించింది. మా వాడు ఇంట్లో పరుగులు తీసే పిల్లాడు, నడకలో ఏ లోపమూ లేదు. పిల్లాణ్ణి చూసుకోవడం మాకు చేతకాదని ముద్ర వేశారని మా అత్తగారి బాధ. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు టెన్షన్. పైగా, పక్కన పడుకుంటాను పెద్ద మంచం ఇవ్వండి అంటే ఇవ్వలేదు. ఎందుకని?
- ఒక తల్లి

జవాబు: ఆ మార్కులు మీ పెంపకానికి వేసినవి కావని ముందు మీ అత్తగారికి చెప్పండమ్మా. నర్సు చేతిలో ఉన్నది బహుశా హంప్టీ డంప్టీ స్కేల్ అయి ఉంటుంది, ఆస్పత్రిలో పిల్లలు పడిపోయే ప్రమాదం ఎంతో అంచనా వేసే కొలమానం. అమెరికాలోని మయామీ పిల్లల ఆస్పత్రిలో తయారైంది, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. వయసు, ఆడా మగా, జబ్బు, తన శక్తి ఎంతో తనకు తెలుసా, ఎక్కడ పడుకోబెట్టారు, ఆపరేషన్ లేదా మత్తు, వాడుతున్న మందులు, ఈ ఏడింటికీ మార్కులు వేస్తారు. ఎంత తగ్గినా 7, ఎంత పెరిగినా 23. 12, అంతకుమించి వస్తే ప్రమాదం ఎక్కువని లెక్క.

మీ వాడి 17 ఎలా వచ్చిందో చూడండి. మూడేళ్లలోపు కాబట్టి 4, మగపిల్లాడు కాబట్టి 2, ఊపిరికి సంబంధించిన జబ్బుకి 3. ఇక్కణ్నుంచి దూకితే దెబ్బ తగులుతుందని తెలియని వయసుకి ఇంకో 3, కాట్‌లో, అంటే ఊచల తొట్టి మంచంలో, ఉన్నందుకు 3. ఆపరేషన్ లేదు కనక 1, మత్తు తెప్పించే మందులు లేవు కనక 1. వాడి నడక మీద ఒక్క మార్కూ లేదు. వాడి వయసే ఉన్న ఆడపిల్ల, ఊపిరితో సంబంధం లేని చిన్న జబ్బుతో వచ్చి కాట్‌లో పడుకున్నా లెక్క 14కి చేరుతుంది. అంటే వార్డులో మూడేళ్లలోపు వాళ్లకి ఇంచుమించు అందరికీ పట్టీ పడాల్సిందే. ఈ స్కేల్ మీద నాకున్న ఫిర్యాదు కూడా అదే. ప్రతి చేతికీ పసుపు పట్టీ ఉంటే కొన్నాళ్లకి దాన్ని ఎవరూ పట్టించుకోరు. అందుకే మార్కులు వేశాక నేను కాగితం పక్కనపెట్టి పిల్లాణ్ణే కాసేపు చూస్తూ కూర్చుంటాను.

ఏం చూస్తానంటే, ముందు కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరానికి పెట్టే సన్నని గొట్టం) ఏ చేతికి ఉందో చూస్తాను. కదలకుండా అట్ట కట్టి ప్లాస్టర్ చుట్టిన చేత్తో పిల్లలు ఊచ పట్టుకోలేరు. తూలినప్పుడు ఆ చెయ్యి నేలకి ఆనించి ఆపుకోలేరు కూడా. అయినా ఆ సంగతి గుర్తుండక ఎప్పటిలాగే ఎక్కబోతారు. తర్వాత సెలైన్ గొట్టం ఎంత పొడవుంది, కాళ్ల మధ్యనుంచి పోతోందా అని చూస్తాను. ఆస్పత్రి పైజామా మడమల కింద ఈడుస్తుంటే రెండు మడతలు పెట్టేస్తాను. ఉత్త సాక్సులతో నడుస్తుంటే తీయించేస్తాను, నున్నటి గచ్చు మీద అవి జర్రున జారతాయి. సెలైన్ స్టాండు కింది చక్రాల మీద నిలబడి బండిలా తోయించుకోవడం పిల్లలకు మహా సరదా. తోసేది మాత్రం తండ్రులే!

ఇక అసలు విషయం. వార్డులో పడే పిల్లల్లో ఎక్కువమంది అమ్మో నాన్నో పక్కన ఉండగానే పడతారు. పట్టించుకోకపోవడం వల్ల అనుకోకండి. కాట్ రెయిల్, అంటే పక్కనుండే ఊచల అడ్డం, దించి డైపర్ మారుస్తుంటారు. తడి గుడ్డ వెనక బల్ల మీద ఉంటుంది. దానికోసం అటు తిరుగుతారు, వీడు ఇటు దొర్లుతాడు. అందుకే కావలసినవన్నీ ముందే మంచం మీద పెట్టుకుని, ఆ తర్వాతే రెయిల్ దించండి. దించినంతసేపూ ఒక చెయ్యి పిల్లాడి పొట్ట మీదే ఉండాలి. ఫోన్ మోగితే మోగనివ్వండి. రెయిల్ ఎత్తాక లాక్ పడిన 'టక్' చప్పుడు విని, ఒకసారి మీ వైపు లాగి చూడండి. సగంలో ఆగిన రెయిల్ చూడ్డానికి మూసినట్టే ఉంటుంది, పిల్లాడు ఆనుకోగానే జారుతుంది. కాట్‌లో దిళ్లు, పెద్ద బొమ్మలు పేర్చకండి. నిలబడగలిగిన పిల్లాడికి అవే మెట్లు.

పెద్ద మంచం ఇవ్వకపోవడమూ ఇందుకే. దాని రెయిల్స్ పెద్దవాళ్ల కొలతకి చేసినవి. సందులోంచి చిన్నపిల్లలు జారిపోవచ్చు, తల ఇరుక్కోవచ్చు. పైగా ఎత్తు. చిన్నపిల్లల్ని పెద్ద మంచం మీద పడుకోబెడితే స్కేల్‌లో 3 బదులు 4 పడుతుంది. మీరు పక్కన ఉంటారు నిజమే, కానీ రాత్రి మేలుకుని అలిసిన తల్లికి తెల్లవారుజామున పట్టే నిద్ర ఎలాంటిదో నాకు తెలుసు.

ఇంకొక్క మాట. నెబ్యులైజర్‌లో (మందును ఆవిరిలా పీల్పించే యంత్రం) ఊపిరి ఆడటానికి ఇచ్చే సాల్బుటమాల్ మందు వల్ల కొందరు పిల్లలకు చేతులు వణుకుతాయి, ఊరికే గెంతుతారు. ఆ కాసేపు కనిపెట్టుకుని ఉండండి. జ్వరం దిగిన రోజు ఇంకా జాగ్రత్త. అప్పటిదాకా నీరసంగా పడున్నవాడు హఠాత్తుగా కాట్ ఊచలెక్కుతాడు, మనమేమో హమ్మయ్య అని సరిగ్గా ఆ రోజే కాస్త నడుం వాలుస్తాం.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. నిన్న అపెండిక్స్ ఆపరేషన్ అయింది. నర్సును పిలవకుండా ఒక్కతే బాత్రూమ్‌కి వెళ్తానంటుంది. తోడు వస్తానంటే సిగ్గుపడుతుంది. పెద్దపిల్లే కదా, వెళ్లనివ్వొచ్చా?
- ఒక తండ్రి

జవాబు: ఈ రోజు వద్దండి. ఆపరేషన్ అయి ఇరవైనాలుగు గంటలు దాటకపోవడం, నొప్పికి ఓపియాయిడ్ మందు (మార్ఫిన్ లాంటి, మగత తెప్పించే మందు) నడుస్తుండటం, ఈ రెండూ కలిస్తే ఆ వయసు అమ్మాయికి కూడా లెక్క సరిగ్గా 12 అవుతుంది. రెండు రోజులు గడిచి, ఆ మందు ఆగాక అదే అమ్మాయికి 9. అందుకే ఈ మార్కులు చేరిన రోజు ఒక్కసారి వేసి వదిలేసేవి కావు. ఆపరేషన్ అయినప్పుడు, మందు మారినప్పుడు, పరిస్థితి మారినప్పుడు మళ్లీ వేయాలి.

ఆపరేషన్‌కి ముందు ఏమీ తినలేదు, తర్వాతా సరిగా తిని ఉండదు. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మొదట మంచం తలవైపు ఎత్తి కూర్చోబెట్టండి. తర్వాత కాళ్లు కిందికి వేలాడేసి రెండు మూడు నిమిషాలు ఉండనివ్వండి. కళ్లు తిరగడం లేదంటేనే నిలబెట్టండి. కుట్ల నొప్పికి ముందుకు వంగి నడుస్తుంది, వేగిరపెట్టకండి.

సిగ్గు సంగతికొస్తే, అది ఆ వయసుకి న్యాయమైనదే. 'నేను లోపలికి రాను, నువ్వు గడియ పెట్టకు' అని ఒప్పందం చేసుకోండి. ఆడ నర్సు బాత్రూమ్ తలుపు బయటే నిలబడుతుంది. కాలింగ్ బెల్ ఎక్కడుందో మాటల్లో చెబితే చాలదు, ఒకసారి తనచేతే నొక్కించండి. అర్జెంటయ్యేదాకా ఆగకుండా, రెండు మూడు గంటలకోసారి మీరే గుర్తుచేస్తే చీకట్లో పరుగెత్తాల్సిన పని ఉండదు.

ప్రశ్న: నాలుగేళ్ల మనవడు ఆస్పత్రి మంచం మీంచి పడ్డాడు. కాసేపు ఏడ్చి ఊరుకున్నాడు, దెబ్బ ఏమీ కనిపించలేదు. తిడతారని నర్సుకి చెప్పలేదు. తప్పా?
- ఒక అమ్మమ్మ

జవాబు: చెప్పాలమ్మా. ఆలస్యమైనా సరే, ఇప్పుడే వెళ్లి చెప్పండి. ఏ సమయానికి పడ్డాడు, ఎంత ఎత్తునుంచి, ముందు ఏ భాగం తగిలింది, వెంటనే ఏడ్చాడా కాసేపు మాట లేకుండా ఉన్నాడా, ఇవన్నీ డాక్టరుకి కావాలి. పైకి దెబ్బ కనిపించకపోయినా లోపల తలకి తగిలి ఉండొచ్చు. కొన్నిసార్లు లక్షణాలు గంటల తర్వాత బయటపడతాయి. వాంతులు, లేపినా లేవని మగత, తలనొప్పి పెరగడం, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దగా కనిపించడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిది కారడం, వీటిలో ఏది కనిపించినా ఒక్క క్షణం కూడా ఆగకండి. రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బున్న పిల్లలకి, ప్లేట్‌లెట్లు తక్కువున్న పిల్లలకి చిన్న దెబ్బ కూడా పెద్దదే.

నర్సు ఒక ఫారం నింపుతుంది. అది చూసి భయపడకండి. ఆ మంచం బ్రేకు పాడైందా, నేల తడిగా ఉందా, రెయిల్ వదులైందా అన్నది దాంతోనే తెలుస్తుంది. మీరు దాస్తే ఆ రెయిల్ రేపు ఇంకో పిల్లాడి మంచానికి అలాగే ఉంటుంది. తిట్టే నర్సులు లేరని నేననను. ఎవరైనా తిడితే హెడ్ నర్సుతో చెప్పండి, అంతేగానీ దాచకండి.

ఇంకోసారి పడితే, గాభరాపడి రెక్క పట్టి లేపకండి. మెడకో నడుముకో తగిలిందేమోనని అనుమానముంటే కదపకుండా పక్కనే కూర్చుని నర్సును కేకేయండి.

ప్రశ్న: మా చెల్లికి సిజేరియన్ అయింది. రాత్రి పాలిస్తూ నిద్రపోయింది. పాప ఒళ్లోంచి జారబోతుంటే నేను పట్టుకున్నాను. రాత్రిపూట ఏం చేయాలి?
- ఒక అక్క

జవాబు: సమయానికి చూశారు. కొత్త తల్లుల చేతుల్లోంచి పిల్లలు జారడం ఎక్కువగా రాత్రి రెండో సగంలో, పాలిస్తుండగానే జరుగుతుంది. నొప్పి మందుల మగత, రోజుల తరబడి నిద్రలేమి కలిసి ఆమెకు తెలియకుండానే చెయ్యి సడలుతుంది. ఆమెను తప్పుపట్టకండి. పాలిచ్చేంతసేపూ మెలకువగా ఉన్న మరో మనిషి పక్కన ఉండాలి. పాపని చక్రాల తొట్టిలో పడుకోబెట్టాకే ఆ మనిషి కునుకు తీయాలి. తోడు ఎవరూ లేని రాత్రి నర్సుకి ముందే చెప్పి ఉంచితే, పాలిచ్చే వేళకి ఒకసారి వచ్చి చూస్తుంది. సోఫాలోనో వెనక్కి వాలే కుర్చీలోనో కూర్చుని పాలివ్వడం రాత్రిపూట వద్దు. వరండాలో తిప్పాలన్నా, పరీక్షకి తీసుకెళ్లాలన్నా చేతుల్లో ఎత్తుకోకుండా తొట్టిలో తోసుకుంటూ వెళ్లండి.