చెన్నపట్నం వీధుల్లో గైడుగా నిలవబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

వారమంతా ఓఎంఆర్‌లో, అంటే ఐటీ ఆఫీసులున్న పాత మహాబలిపురం రోడ్డులో, ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారం పొద్దుటిపూట ఊరు చూడవచ్చినవారిని నడిపించి చూపించే పని మొదలుపెట్టాలని ఉందని రాశావు. చాలా సంతోషం కలిగింది. ఆ పని ఏళ్ల తరబడి చేసినవాణ్ణి కనుక నాకు తెలిసినది వివరంగానే రాస్తున్నాను.

నువ్వు పంపిన జాబితాలో సెయింట్ జార్జి కోట, మెరీనా, శాంథోమ్, మైలాపూరు అన్నీ ఉన్నాయి. బస్సులో తిప్పడానికి అది బాగుంటుంది గాని కాలినడకకు పనికిరాదు. మొదటి ఏడాది ఒక్క దారి చాలు, అదీ రెండు కిలోమీటర్లు దాటనివ్వకు. నిలబడిన చోటి నుంచి కంటికి ఆనేదాని గురించే మాట్లాడాలని గట్టిగా నియమం పెట్టుకో. కనిపించని సంగతి ఎంత గొప్పదైనా ఎండలో నిలుచున్న మనిషి చెవికెక్కదు.

పారిస్ కార్నర్‌లో మొదలుపెట్టమని నా సలహా. అక్కడి డేర్ హౌస్ ఆవరణలో 1773 నాటి సరిహద్దు స్తంభం ఒకటి ఉంది. కాపలావారితో ముందుగా మాట్లాడి పెట్టుకుని, వచ్చినవారిని ఆ రాతి ముందు నిలబెట్టి, ఇంతటి రద్దీ కూడలిలో దీన్ని ఎందుకు నాటి ఉంటారో వాళ్లనే ఊహించమను. తొందరపడి జవాబు చెప్పకు, తలా ఒక మాట అననివ్వు. ఆ తరువాత అసలు సంగతి చెప్పు. ఫ్రెంచివారు 1746లో కోటను పట్టుకున్నారు, 1758లో మళ్లీ వచ్చి ముట్టడించారు. కోట గోడలకు దగ్గరగా ఉన్న పేటలోని ఇళ్లు శత్రువుకు చాటు అవుతున్నాయన్న భయంతో ఈస్టిండియా కంపెనీవారు పాత పేటను పడగొట్టించి, ఫిరంగులకు అడ్డు లేకుండా ఆ నేలంతా ఖాళీ మైదానం చేసి, ఈ హద్దు దాటి కోటవైపు ఎవరూ ఇల్లు కట్టకూడదని ఆరు స్తంభాలు పాతించారు. వాటిలో మిగిలింది ఇదొక్కటే.

ఇప్పుడు వాళ్లను రోడ్డుకు అవతలనున్న హైకోర్టు వైపు తిరగమను. 1892లో పూర్తయిన ఆ ఎర్రటి భవనం నిలిచింది ఆ ఖాళీ నేల మీదే. ఊరికి పెద్ద గుడి అనిపించుకున్న చెన్నకేశవ స్వామి ఆలయం అంతకు ముందు అక్కడే ఉండేది. 1757లో దాన్ని పడగొట్టారు. మరి ఆ స్వామి ఎక్కడికి వెళ్లాడని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దేవరాజ ముదలి వీధిలో చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర ఆలయాలు పక్కపక్కనే మళ్లీ లేచాయి కదా, నీ నడక అక్కడ ముగిసేలా దారి గీసుకో. ఆ ప్రశ్నే అందరినీ చివరిదాకా నడిపిస్తుంది.

ఆ కూడలి వదిలే ముందు మరి రెండు సంగతులున్నాయి. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక ఈ ఊరి మీద గుండ్లు కురిపించింది. దాన్ని తెలిపే ఫలకం హైకోర్టు ప్రహరీ గోడకు ఉంది. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జనం లేచినప్పుడు, టంగుటూరి ప్రకాశం పంతులుగారు తుపాకులకు రొమ్ము చూపింది ఈ పరిసరాల్లోనే. పక్కనున్న బ్రాడ్వే ఈనాడు ఆయన పేరు మీద ప్రకాశం శాలై అయింది. వచ్చినవారు తెలుగువారైతే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగు. పొట్టి శ్రీరాములుగారి సంగతి ఎత్తుతారు, కాని ఆయన 1952లో ప్రాణం విడిచిన ఇల్లు మైలాపూరులో ఉంది. దాన్ని రెండో దారికి దాచిపెట్టుకో.

తంబుచెట్టి వీధిలో కాళికాంబ ఆలయం వస్తుంది. శివాజీ 1677లో ఇక్కడ అమ్మవారిని దర్శించుకున్నాడని ఆలయంవారు చెబుతారు. ఆ ఏడాది ఆయన దక్షిణాదికి దండెత్తి వచ్చిన మాట చరిత్ర. ఈ గుడికి వచ్చాడన్నది గుడివారి నమ్మకం. ఈ రెండింటినీ కలిపేయకుండా దేనికది విడిగా చెప్పు. అలా చెప్పినందువల్ల కథకు లోటేమీ రాదు, పైగా నీ తక్కిన మాటల మీద వినేవారికి గురి కుదురుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక నడిచింది ఈ వీధిలోనే. దాపునే ఉన్న ఆర్మీనియన్ వీధిలో, 1772 నాటి చర్చి ఆవరణలో ఉన్న సమాధుల్లో ఒకటి ష్మావోనియన్ అనే మతగురువుది. ఆర్మీనియన్ భాషలో ప్రపంచంలోకెల్లా మొదటి పత్రికను ఆయన 1794లో ఈ ఊరి నుంచే తెచ్చాడు. ఎక్కడివారో ఇక్కడికి వచ్చి తమ భాషలో అచ్చు వేసుకున్నారన్నమాట. చెన్నప్ప నాయకుని పేరు మీదే చెన్నపట్నమైందని, ఊరు మనదేనని వాదించేవారు కొందరు నీకు తారసపడతారు. 1639లో కంపెనీకి స్థలమిచ్చింది చెన్నప్ప కొడుకులైన దామెర్ల వారేనని నిండుగా చెప్పు, అక్కడితో ఆపి చర్చిలోకి నడిపించు. వాదులాట జరిగితే నడక చెడుతుంది.

ఆదివారం ఉదయం ఆరున్నరకు బయల్దేరితే అంగళ్లు మూసి ఉంటాయి కనుక భవనాల పైఅంతస్తులు కంటికి ఆనుతాయి. తొమ్మిది లోపల ముగించు. ఎనిమిదిమందికి మించి తీసుకోకు, హారన్ల మధ్య తొమ్మిదోవాడికి నీ గొంతు వినబడదు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడుందో, ఏ గుడిలో ఫోటోలు తీయకూడదో ముందే తెలుసుకుని బయల్దేరేటప్పుడే చెప్పెయ్యి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కనుక, నడక రద్దయితే డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతి రాసి పెట్టు.

కోటను మొదట్లో పెట్టుకోకు. సచివాలయం, శాసనసభ అందులోనే ఉన్నాయి కనుక తనిఖీలు ఎక్కువ. పైగా పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాల లోపల గైడుగా మాట్లాడాలంటే లైసెన్సు కావాలి. కేంద్ర పర్యాటక శాఖవారి టూరిస్ట్ ఫెసిలిటేటర్ కోర్సు ఆన్‌లైన్‌లో ఉంది, ఉద్యోగం చేసుకుంటూనే చదవవచ్చు. ఇంకో సంపాదన పెట్టుకోవచ్చునో లేదో మీ ఆఫీసు నియామక పత్రం తీసి చూసుకో. అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి అడుగు.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. ఊరికే నడిపిస్తానంటే పేరు ఇచ్చినవారిలో సగంమంది తెల్లవారి లేవరు. కొంత రుసుము పెట్టి ముందుగానే యూపీఐలో తీసుకో. దారిలో ఏదైనా అంగడివారి దగ్గర కమీషను మాత్రం ముట్టకు. తీసుకున్న రోజు నుంచి నువ్వు చూపించేవి మారిపోతాయి.

అందరికన్నా ముందు మన ఇంట్లోవాళ్లను నడిపించు. నేను, మీ అత్తయ్య వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాం. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఆవిడ నడవగలిగే వేగాన్నే నీ వేగంగా పెట్టుకుని, దారిలో కూర్చోవడానికి అరుగులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఈలోగా చూసి పెట్టు.

ఇట్లు,
మీ మామయ్య