వాచీ చూపించిన కేలరీలన్నీ తిరిగి తినేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నా వయసు 38, ఎత్తు 160 సెంటీమీటర్లు. కూర్చుని చేసే ఉద్యోగం. 78 కిలోలు ఉండేదాన్ని. రెండు నెలల క్రితం ఫోన్‌లో కేలరీల యాప్ పెట్టుకుని, వారంలో ఆరు రోజులు గంటసేపు నడవడం మొదలుపెట్టాను. యాప్‌లో ‘తేలికపాటి శ్రమ’ అని ఎంచుకుంటే రోజుకు 1440 కేలరీలు తినమంటోంది. నడిచొచ్చాక చేతి వాచీ 400 కేలరీలు ఖర్చయ్యాయని చూపిస్తుంది. యాప్ వాటిని కూడా కలిపి, ఆ రోజు 1840 వరకు తినొచ్చంటుంది. అంతకు మించి తినడం లేదు. మొదటి రెండు వారాల్లో రెండు కిలోలు తగ్గాను. ఆ తర్వాత ఆరు వారాలుగా 76 దగ్గరే ఆగిపోయింది. తిండి ఇంకా తగ్గించాలా, నడక పెంచాలా? మావారికి షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటారు. ఆయన కూడా నాతోపాటే మొదలుపెడతానంటున్నారు. పర్వాలేదా?

జవాబు: మీ శ్రమలో లోపం లేదు, నోరు కట్టుకోవడంలోనూ లేదు. ఒకే నడక రెండుసార్లు లెక్కలోకి వచ్చింది, అంతే. యాప్ ఒకసారి లెక్కేసింది, వాచీ ఇంకోసారి లెక్కేసింది. ఎక్కడ జరిగిందో అంకెలతోనే చూద్దాం.

కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పనిచేయడానికి శరీరం శక్తిని ఖర్చు పెడుతూనే ఉంటుంది. దాన్ని అంచనా వేయడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం బాగా వాడుకలో ఉంది. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి రెండూ కలపాలి. వయసును 5తో గుణించి అందులోంచి తీసేయాలి. ఆడవాళ్లయితే మరో 161 తీసేయాలి, మగవాళ్లయితే 5 కలపాలి. మీకైతే 760, 1000 కలిపి, 190, 161 తీసేస్తే 1409 వస్తుంది.

ఈ అంకెను రోజువారీ కదలికను బట్టి హెచ్చిస్తారు. రోజంతా కూర్చునేవాళ్లకు 1.2తో, తేలికపాటి వ్యాయామం చేసేవాళ్లకు 1.375తో. మీరు రెండోది ఎంచుకున్నారు కాబట్టి మీ రోజు ఖర్చు 1937 అనుకుని, అందులో 500 తగ్గించి యాప్ 1440 తినమంది. ఆ రెండు గుణకాల మధ్య తేడా దాదాపు 245 కేలరీలు. ఆ 245 మీ నడక పేరు మీద ఇచ్చినవే. అంటే 1440 అన్నప్పుడే నడక అందులో ఉంది. దాని మీద వాచీ మళ్లీ 400 తెచ్చి కలిపింది.

పైగా ఆ 400 కూడా నిజం కాదు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో చదునైన దారిలో నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటికన్నా సుమారు మూడున్నర రెట్ల శక్తి ఖర్చవుతుంది. ఊరికే కూర్చుంటే కిలో బరువుకు గంటకు ఒక కేలరీ చొప్పున మీకు 76 కేలరీలు అవుతాయి. నడిస్తే 266. కానీ నడవకుండా ఇంట్లో కూర్చున్నా ఆ 76 ఎలాగూ ఖర్చయ్యేవే కదా! నడక వల్ల అదనంగా పోయింది 190 మాత్రమే. చేతి వాచీలు గుండె వేగాన్ని బాగానే పట్టుకుంటాయి, కేలరీల దగ్గరే తప్పుతాయి. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి ఏడు పరికరాలను పరీక్షిస్తే, కేలరీల విషయంలో అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. అన్నిటికన్నా వెనకబడినది 93 శాతం తప్పింది.

ఇప్పుడు మీ నడక రోజు అసలు లెక్క చూడండి. కూర్చుని చేసే పనికి 1690, నడకకు 190, మొత్తం ఖర్చు 1880. మీరు తిన్నది 1840. తేడా 40 కేలరీలు. నడవని రోజు 1440 తింటున్నారు కాబట్టి ఆ ఒక్కరోజు 250 తేడా వస్తోంది. వారం మొత్తానికి కలిపినా 500 దాటడం లేదు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీల లోటు కావాలి. ఈ లెక్కన వారానికి 65 గ్రాములు. బరువు తూచే యంత్రం మీద అది కనిపించదు. కూరలో లెక్కకు రాని నూనె రోజుకు రెండు టీస్పూన్లు పడినా ఆ లోటూ మిగలదు.

మరి మొదటి రెండు కిలోలు ఎలా తగ్గాయంటారా? తిండి తగ్గించగానే శరీరం ముందు కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థాన్ని వాడుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజన్‌తోపాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. అది వాడకంలోకి వస్తే ఆ నీరూ పోతుంది. మొదటి వారాల్లో బరువు చకచకా తగ్గడానికి ప్రధాన కారణం ఇదే. అదే వేగం కొనసాగుతుందని ఆశించి, కొనసాగకపోతే చాలామంది నీరుగారిపోతారు. మీరు అలా అనుకోకండి.

ఇక చేయాల్సింది. ముందుగా వాచీకీ యాప్‌కీ ఉన్న లంకె తీసేయండి. మీ వారం మొత్తం ఖర్చును ఏడు రోజులకు పంచితే రోజుకు 1850 వస్తుంది. అందులో 400 తగ్గించి, నడిచినా నడవకపోయినా రోజుకు 1450 తినండి. నడిచినందుకు అదనంగా ఏమీ కలపొద్దు. రోజుకు 400 చొప్పున లోటు నిలబడితే వారానికి మూడో వంతు కిలోకు కాస్త ఎక్కువగా, నెలకు సుమారు కిలోన్నర తగ్గుతారు. నెమ్మదే, కానీ ఆకలితో అల్లాడకుండా నెలల తరబడి సాగించగలిగే వేగం ఇది. మహిళలు వైద్యుల పర్యవేక్షణ లేకుండా 1200 కన్నా కిందికి దిగకూడదు. వారానికి కిలోన్నరకు మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుంది.

నడిచిన రోజు ఆకలి ఎక్కువై 1450 చాలడం లేదనిపిస్తే ఇంకో దారి ఉంది. యాప్‌లో ‘కూర్చుని చేసే పని’ అని మార్చుకోండి. 1690లో 400 తగ్గిస్తే 1290 వస్తుంది. నడిచిన రోజు మాత్రం వాచీ చూపించినదాంట్లో సగం, అంటే 200 కలుపుకోండి. ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకటే పాటించాలి. మొదటిది, రెండోది కలిపేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

లెక్కలో సగం తప్పులు వంటగదిలోనే జరుగుతాయి. అన్నిటికన్నా పెద్ద తప్పు నూనె దగ్గర. గ్రాము నూనెకు 9 కేలరీలు. అదే పిండిపదార్థానికైనా, ప్రొటీన్‌కైనా 4 మాత్రమే. ఒక టేబుల్ స్పూన్ నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి, అంటే మీ నడకలో సగానికి పైగా. స్పూన్‌తో కొలవడం కన్నా సులువైన పని ఒకటి చెబుతాను. వంట మొదలుపెట్టేముందు నూనె సీసాను వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. వంట అయ్యాక మళ్లీ పెట్టండి. తగ్గిన గ్రాములను 9తో గుణించి, తిన్నవాళ్ల మధ్య పంచండి. వారం రోజులు ఇలా చేస్తే మీరు వాడే నూనె ఎంతో మీకే తెలిసిపోతుంది.

రెండోది పచ్చి, ఉడికిన తేడా. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీల దాకా ఉంటాయి. వంద గ్రాముల అన్నంలో 130 మాత్రమే, మిగతాది నీరు. కంచంలో అన్నం తూచి యాప్‌లో బియ్యం ఎంచుకున్నా, బియ్యం తూచి అన్నం ఎంచుకున్నా లెక్క దాదాపు మూడు రెట్లు తప్పుతుంది. ఏది తూచారో దాన్నే ఎంచుకోండి. గింజపప్పులు గుప్పెడంటే 30 గ్రాములు, 170 నుంచి 180 కేలరీలు. టీలో చక్కెర, వంట చేస్తూ రుచి చూసినవి, పిల్లలు కంచంలో వదిలేస్తే తిన్నవి ఎవరూ రాసుకోరు. ఇది నిజాయితీ లేక కాదు, మనిషి జ్ఞాపకం తీరే అంత. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్నవాళ్లను 1992లో అమెరికాలో పరీక్షిస్తే, వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పినట్టు తేలింది. వాళ్ల జీవక్రియ మాత్రం మామూలుగానే ఉంది.

1450లో ఏం తింటున్నారన్నదీ ముఖ్యమే. మీ బరువుకు కిలోకు 1.2 గ్రాముల చొప్పున రోజుకు 90 గ్రాముల ప్రొటీన్ పెట్టుకోండి, మూత్రపిండాల జబ్బు లేకపోతేనే సుమా. మూడు పూటలకూ పంచితే పూటకు 30 గ్రాములు. ఇలా తింటే ఆకలి అదుపులో ఉంటుంది, కండ నిలబడుతుంది. కేవలం తిండి తగ్గించి బరువు తగ్గితే, పోయే బరువులో సుమారు నాలుగో వంతు కండ ఉండొచ్చు. అందుకే నడక ఒక్కటే చాలదంటాను. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒకరోజు విడిచి, కండరాలకు పని పెట్టండి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, చేతి బరువులను నడుము దాకా లాగడం, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, మూడు విడతలు. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. సునాయాసంగా 12 దాటుతుంటే బరువు పెంచండి. వీటివల్ల ఖర్చయ్యే కేలరీలు తక్కువే, లెక్కలో వేసుకోకండి.

నడక పెంచాలా అని అడిగారు. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీది ఇప్పటికే 360. చాలు. అయితే ఒకటి గమనించండి. గంట నడిచాం కదా అని మిగతా రోజంతా కుర్చీకే అతుక్కుపోయే అలవాటు తెలియకుండానే వస్తుంది. మెట్లకు బదులు లిఫ్ట్, లేవాల్సిన చోట ఎవరినో పిలవడం. నడక గంటలో వేసిన అడుగులు కాదు, రోజు మొత్తం అడుగులు చూడండి. నడక మొదలుపెట్టాక అవి పెరగకపోతే, నడకలో సంపాదించింది కుర్చీలో పోతోందని అర్థం.

బరువు రోజూ పొద్దున్నే, మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు చూసుకోండి. కానీ ఏ ఒక్కరోజు అంకెనూ పట్టించుకోకండి. ఏడు రోజుల సగటు తీసి, కిందటి వారం సగటుతో పోల్చండి. ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా నీరు చేరి కిలో దాకా పెరగొచ్చు. అందుకే నెలసరి చక్రంలో అదే వారంతో పోల్చుకోవడం ఇంకా మేలు. కండరాల వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినప్పుడు ఒళ్లు నొప్పులతోపాటు కండరాల్లో కాస్త నీరు చేరుతుంది. బరువు తగ్గలేదని ఆ వారం తిండి కోసేయకండి.

నాలుగు వారాలయ్యాక సూత్రాన్ని పక్కన పెట్టేయండి. అది సగటు మనుషుల అంచనా. మీ విషయంలో పది శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అప్పటికి మీ సొంత లెక్క చేతిలో ఉంటుంది. ఉదాహరణకు 28 రోజులు సగటున 1450 తిని సరిగ్గా కిలో తగ్గారనుకోండి. 7700ను 28తో భాగిస్తే 275. దాన్ని 1450కి కలిపితే 1725. మీరు రాసుకునే తీరులో, నడకతో సహా, మీ అసలు రోజు ఖర్చు అదే. ఇకపై ఎంత తినాలో దాన్నిబట్టి నిర్ణయించుకోండి. మార్పు చేయాల్సి వస్తే ఒక్కసారికి 100, 150 కేలరీలకు మించొద్దు. బరువు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది కాబట్టి ప్రతి నాలుగైదు కిలోలకు ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఇంత పద్ధతిగా రాసుకున్నా ఆరు వారాల్లో సగటు కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా బరువును పెంచుతాయి. అలాంటివి వాడుతుంటే సొంతంగా ఆపకుండా రాసిన డాక్టర్‌తో మాట్లాడండి. నెలసరి ఆగిపోయినా, కళ్లు తిరిగినా, విడవని నీరసం వచ్చినా ఈ లోటు మీ శరీరానికి ఎక్కువైందని అర్థం. తిండి పెంచి డాక్టర్‌ను కలవండి. అంకెలు చూసుకోవడమే బెంగగా మారితే రాసుకోవడం ఆపేయండి. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు ప్రొటీన్, పావు వంతు అన్నమో మరో ధాన్యమో పెట్టుకున్నా పని జరుగుతుంది.

మీవారి సంగతి వేరు. గ్లిమెపిరైడ్ క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలను పెంచుతుంది, తక్కువ తిన్నా సరే. తిండి తగ్గించి, పైగా గంట నడిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, ఒక్కోసారి నడిచిన కొన్ని గంటలకు, రాత్రిపూట కూడా. కాబట్టి మొదలుపెట్టే ముందే ఆయన డాక్టర్‌ను కలిసి, తిండి ఎంత తగ్గిస్తున్నారో, ఎంత నడవబోతున్నారో చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి. 1450 మీ కోసం వేసిన లెక్క. ఆయన బరువు, ఎత్తు, వయసుతో విడిగా వేయాలి. నడకకు ముందు, తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. జేబులో గ్లూకోజ్ ఉండాలి. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపించినా, రీడింగ్ 70 కన్నా తగ్గినా నడక ఆపి 15 గ్రాముల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించండి. అప్పటికీ 70 దాటకపోతే ఇంకో 15 గ్రాములు ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. కోలుకున్నా సరే, మాత్ర ప్రభావం ఇంకా ఉంటుంది కాబట్టి ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి.