మండపీత మీద వ్యాసం రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆడ మండపీత సంతానోత్పత్తి మీద నీవు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతికి బాగానే లొంగింది. అయితే మూడో పేరాలో ‘కోరంగి మడ అడవుల్లో పీత గుడ్లు పెడుతుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేసిన చోట విషయం తప్పుదారి పట్టింది.

రేవులో పీతలు కొనేవారు వెనకవైపు డిప్పకూ, పొట్ట కింద ముడుచుకొని ఉండే మూతకూ మధ్యనున్న సందును నొక్కి చూస్తారు. అక్కడ ముదురు నారింజ రంగు కనిపిస్తే గుడ్డు నిండిందంటారు. అది ఇంకా అండాశయంలో ఉన్న గుడ్డే. పాలిపోయిన రంగుతో మొదలై, పసుపు మీదుగా ఆ నారింజకు వచ్చినది. అటువంటి పీత మడ పాయల్లోనూ, కాకినాడ అఖాతంలోనూ దొరుకుతుంది. గుడ్లను బయటికి వదిలి, మూత కింద అంటించుకొని మోసే పీత సంగతి వేరు. అది పాయ విడిచి సముద్రానికి పోతుంది.

తొలినాళ్లలో నేనూ ఈ తప్పే చేశాను. పాయల్లో వేసిన వలలు మాత్రమే చూసి, గుడ్లు మోసే పీత ఒక్కటీ కనబడనందున, మన దగ్గర మండపీత సంతానోత్పత్తి తక్కువని రాసేశాను. ఆ తరవాత సముద్రం మీదికి వేటకు వెళ్లివచ్చిన ఒక పెద్దాయన ఒక పీతను వెల్లకిలా తిప్పి నా ముందు పెట్టారు. వెడల్పాటి మూత ఎత్తుగా లేచి ఉంది. దాని కింద గసగసాలకన్నా సన్నని గుడ్లు ముద్దగా, నల్లబడి ఉన్నాయి. పెట్టినప్పుడు నారింజ రంగులో ఉండే గుడ్డు పిల్ల కళ్లు ఏర్పడేకొద్దీ నల్లబడుతుందనీ, ఆ నలుపు గుడ్డు పగిలి పిల్ల బయటపడే రోజు దగ్గర పడిన గుర్తనీ ఆయన చెబితేనే తెలిసింది. పెద్ద పీత ఒక్క విడతలో 10 లక్షలకు మించి గుడ్లు మోయగలదు.

తల్లి అంత దూరం ఎందుకు పోతుందన్నదే నీ వ్యాసానికి ప్రాణం. దాన్ని నీవు ఒక్క వాక్యంతో దాటేశావు. గుడ్డు నుంచి వెలువడే జోయియా పిల్ల పల్చని ఉప్పునీటిలో బతకదు. వరదల కాలంలో గౌతమి నీరు పాయలను దాదాపు మంచినీరుగా మార్చేస్తుంది కదా, అక్కడ గుడ్డు పగిలితే పిల్లకు దిక్కుండదు. 5 జోయియా దశలు దాటి, మెగలోపా అనే తరవాతి పిల్ల దశకు మారాకనే అది తిరిగి తీరానికి, మడ నీడకు చేరుతుంది. జత కట్టడం మాత్రం ఇటే: ఆడపీత కుబుసం విడిచి మెత్తగా ఉన్న వేళ మగపీత దాన్ని కాపు కాసి కలుస్తుంది. ఆ శుక్రకణాలను ఆడపీత నెలల తరబడి దాచుకొని, మళ్లీ జత కట్టకుండానే ఒకటికి మించిన విడతల గుడ్లను ఫలదీకరించుకోగలదు. ఈ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

మరొక జాగ్రత్త. పాత వ్యాసాల నుంచి అంకెలు ఎత్తుకునే ముందు వాటి సంవత్సరం చూడు. 1998లో మండపీతల స్కిల్లా ప్రజాతిని 4 జాతులుగా విడదీశారు. అంతకుముందు ‘స్కిల్లా సెర్రాటా’ అన్న పేరు కింద ఏ పీతను కొలిచారో రూఢిగా చెప్పలేము. ఈడుకు వచ్చే పరిమాణం జాతిని బట్టీ, చోటును బట్టీ మారుతుంది గనుక ఆస్ట్రేలియా కొలతను భైరవపాలెం పీతకు తగిలించకు. ఆడపీత ఈడుకు వచ్చిందో లేదో తెలియడానికి మూత ఇంకా త్రికోణంగానే ఉందా, గుండ్రంగా విచ్చుకుందా అని నీవే చూసి రాయి.

వచ్చే అమావాస్య పోటుకు రేవుకు వెళ్లు. పాయ నుంచి వచ్చిన పీతలనూ, సముద్రం నుంచి వచ్చిన పీతలనూ విడివిడిగా తిప్పి చూసి, ఆ మూడో పేరా తిరగరాసి పంపు.

నీ శ్రేయోభిలాషి