ఆరు లక్షల నష్టానికి మూడు లక్షల చెక్కా?

ప్రశ్న: సార్, మాది విజయవాడ సింగ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మీద పడ్డప్పుడు షాపులో నడుం లోతు నీళ్లు నిలబడ్డాయి. కింది అరల్లో ఉన్న ఫాల్స్, లైనింగులు, జాకెట్ ముక్కలు అన్నీ పోయాయి. స్టాకుకి 12 లక్షల పాలసీ ఉంది. 6 లక్షల నష్టం అని, లెక్కగట్టడానికి వచ్చిన సర్వేయరే రాశాడు. తీరా చూస్తే 3 లక్షల 19 వేలు ఇస్తాం, ఫుల్ అండ్ ఫైనల్ అని సంతకం పెట్టమంటున్నారు. 12 లక్షల పాలసీ ఉన్నప్పుడు 6 లక్షలు ఇవ్వడానికి ఏం అడ్డం? సంతకం పెడితే ఇక అంతేనా?

జవాబు: మీరు పంపిన సెటిల్‌మెంట్ కాగితం చూశాను. అందులో ఒకే ఒక్క అంకె మిమ్మల్ని ముంచింది, బుడమేరు తర్వాత అదే. ‘వరద రోజున షాపులో ఉన్న మొత్తం స్టాకు విలువ 20 లక్షలు’ అని రాశారు చూశారా, అక్కడుంది కిటుకు. 20 లక్షల సరుకు పెట్టుకుని 12 లక్షలకే ఇన్సూరెన్స్ చేశారు కాబట్టి మిగతా 8 లక్షలకు మీరే పూచీ, అందుకని ఏ నష్టం జరిగినా అందులో 60 శాతమే మాది అని కంపెనీ లెక్క. దీన్నే అండర్ ఇన్సూరెన్స్ అంటారు. 6 లక్షల్లో తడిసిన బట్ట అమ్ముకుంటే వచ్చేది 40 వేలు తీసేశారు, మిగిలిన 5 లక్షల 60 వేలలో 60 శాతం లెక్కగట్టారు, ఎక్సెస్ (ప్రతి క్లెయిములో మీరే భరించాల్సిన వాటా) కింద 5 శాతం కోశారు. 3,19,200. కూడికలు తీసివేతల్లో తప్పేం లేదు, తప్పుంటే ఆ 20 లక్షల్లోనే ఉండాలి.

అది ఎక్కడి నుంచి వచ్చిందని మీ ఉత్తరం రెండోసారి చదివితే చివర్లో దొరికింది. ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) లిమిట్ తగ్గకుండా బ్యాంకుకి నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో ‘కొంచెం ఎక్కువ’ చూపిస్తున్నామని మీరే రాశారు. సర్వేయర్ బ్యాంకుకి వెళ్లి ఆ కాగితమే తెచ్చుకున్నాడు! బీసెంట్ రోడ్డులోనూ, వన్‌టౌన్‌లోనూ సగం షాపుల కథ ఇదే, మిమ్మల్ని ఒక్కరినే అని లాభం లేదు. కానీ స్టాకు బ్యాంకు దగ్గర 20 లక్షలు, ఇన్సూరెన్స్ దగ్గర పదమూడున్నర లక్షలే అంటే ఎవరైనా మొహం చూస్తారు, ఆ స్టేట్‌మెంటే నిజమని పట్టుకుని తీర్పులిచ్చిన కేసులూ ఉన్నాయి. ఇది తెలిసే ముందుకు వెళ్లండి.

మీరు చెప్పినట్టు అసలు స్టాకు పదమూడున్నర లక్షలే అయితే దాన్ని పుస్తకాలతో నిరూపించొచ్చు. మార్చి 31 నాటి క్లోజింగ్ స్టాకు (ఆడిటర్ సంతకం ఉన్నది) తీసుకోండి, ఏప్రిల్ నుంచి ఆగస్టు ఆఖరు వరకు కొన్న బిల్లులు కలపండి, అదే ఐదు నెలల్లో అమ్మిన సరుకుని అమ్మకం ధరకు కాకుండా కొన్న ధరకు లెక్కేసి తీసేయండి. మిగిలేదే వరద ముందు రోజు స్టాకు. కొనుగోళ్లూ అమ్మకాలూ జీఎస్టీ రిటర్నులతో సరిపోవాలి, అదే మీ బలం, ఎందుకంటే ఆ రిటర్నుల్లో చాలావరకు వరద రాకముందే వేసినవి.

ఇప్పుడు అసలు మజా చూడండి. మీది భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ, 2021 ఏప్రిల్ 1 నుంచి 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న షాపులకు ఇచ్చేది. ఇందులో అండర్ ఇన్సూరెన్స్ 15 శాతం దాటకపోతే పట్టించుకోకూడదని పాలసీలోనే ఉంది. పదమూడున్నరకి పన్నెండు అంటే తేడా 11 శాతం చిల్లర. అంటే 60 శాతం లెక్క మొత్తం ఎగిరిపోతుంది. 5 లక్షల 60 వేలలో ఎక్సెస్ పోను 5 లక్షల 32 వేలు మీకు రావాలి. మీ గొడవంతా ఆ రెండు లక్షల చిల్లర గురించి, అదీ ఒక్క అంకె మీద. కాబట్టి ‘రోడ్డున పడ్డాం, పిల్లల చదువులు’ అని నాలుగు పేజీలు రాయకండి. పాపం నిజమే, కానీ అవతల చదివే మనిషికి లెక్క కావాలి. ఒక పేజీ, ఒక పట్టిక, వెనక బిల్లులు.

సర్వే రిపోర్టు కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అది దేవుడి వాక్కు కాదు, సర్వేయర్ నివేదికే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. ఇంకో చిన్న విషయం, పాడైపోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి తగ్గించుకున్న పన్ను) మీరు జీఎస్టీ వాళ్లకు తిరిగి కట్టేయాలి. కట్టాక ఆ పన్ను కూడా మీ నష్టమే, మీ బీమా మొత్తంలో జీఎస్టీ కలిపి ఉంటే అదీ అడగండి. చాలామంది ఆడిటర్లు చెప్పరు.

సంతకం సంగతి. పెట్టకుండా ఉంటే మంచిది, ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను, మిగతాది అడిగే హక్కు ఉంచుకున్నాను’ అని రాసి ఆ డబ్బు తీసుకోవడం ఇంకా మంచిది. అది ఒప్పుకోక వట్టి సంతకమే పెట్టించుకున్నా దారి మూసుకుపోదు. ఆ సంతకం పెట్టిన వోచర్ని అడ్డం పెట్టుకుని మనిషిని కోర్టుకు రానివ్వకుండా చేయొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2015లో సర్క్యులర్ ఇచ్చింది. అయితే ఆరు నెలలు ఊరుకుని అప్పుడు బలవంతం చేశారంటే నమ్మరు, సంతకం పెట్టిన రెండు మూడు రోజుల్లోనే అభ్యంతరం మెయిల్ చేయండి.

ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయండి, ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్లో కూడా పెట్టండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విని తీర్పిచ్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, రెండు రాష్ట్రాలకూ అదే. 50 లక్షల దాకా వింటారు, మీలా ఒక్కరే యజమాని అయిన చిన్న షాపులవీ తీసుకుంటారు. ఫీజు లేదు, లాయర్ని రానివ్వరు, మీ లెక్క మీరే చెప్పుకోవాలి. కంపెనీ ఆఖరి జవాబు తర్వాత ఏడాది లోపు వెళ్లాలి. అక్కడ నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది, దానికి గడువు రెండేళ్లు. మధ్యలో ‘క్లెయిమ్ ఇప్పిస్తాం, పాతిక శాతం మాది’ అని ఫోన్లు చేసేవాళ్లుంటారు. అంబుడ్స్‌మన్ దగ్గర వాళ్లు మీ తరఫున నిలబడలేరు, పెట్టేయండి ఫోను.

ప్రశ్న: పాయకాపురంలో మాకు లోను మీద కట్టుకున్న ఇల్లుంది. బ్యాంకువాళ్లే ఇన్సూరెన్స్ చేయించారు. గోడలకు కొంత ఇచ్చారు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలకు మాత్రం ‘పాలసీ బిల్డింగుకే’ అని ఇవ్వలేదు. బిల్లులు కూడా నీళ్లలోనే పోయాయమ్మా అంటే వినరు.

జవాబు: పాలసీ మీద భారత్ గృహ రక్ష అని ఉందేమో చూడండమ్మా. ఉంటే, బిల్డింగుకి ఎంత చేయించారో దాంట్లో 20 శాతం వరకు (10 లక్షలు మించకుండా) ఇంట్లో సామానుకి మామూలుగా దానంతటదే వర్తిస్తుంది. వట్టి బిల్డింగుకే తీసుకున్నారా, సామానుకి కూడానా అన్నది బ్యాంకు ఇచ్చిన ఒక్క పేజీ సర్టిఫికెట్‌తో తెలియదు, పూర్తి పాలసీ కాగితం తెప్పించుకోండి. నగలకు మాత్రం ఇది వర్తించదు. బురద, చెత్త ఎత్తించిన ఖర్చు కూడా క్లెయిములో 2 శాతం దాకా ఇస్తారు, రాశారా? ఇక బిల్లుల్లేవని క్లెయిము కొట్టేయకూడదని ఐఆర్‌డీఏఐ 2024 జూన్ సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. వాట్సాప్‌లో ఇంటి ఫొటోలు, ఈఎంఐ కట్టిన బ్యాంకు స్టేట్‌మెంటు, షోరూములో మీ ఫోన్ నంబరు మీద ఉన్న పాత బిల్లు, ఏది దొరికితే అది పెట్టండి.

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. వడగళ్లకు రూఫ్ దెబ్బతింది. రిపేరు ఖర్చు డిడక్టబుల్ (ముందు మేమే పెట్టుకోవాల్సిన మొత్తం) కంటే తక్కువని కంపెనీ పైసా ఇవ్వలేదు. ఒక రూఫర్ తలుపు కొట్టి, క్లెయిము నేనే మాట్లాడతాను, డిడక్టబుల్ నేనే భరిస్తాను అంటున్నాడు.

జవాబు: రెండూ టెక్సస్‌లో చట్టవిరుద్ధమే. డిడక్టబుల్ ఇంటాయన కట్టాల్సిందేనని 2019లో చట్టం తెచ్చారు, అదే రూఫ్ వేసేవాడు మీ తరఫున క్లెయిము మాట్లాడకూడదు. గాలి, వడగళ్ల డిడక్టబుల్ మీకు 2 శాతం అంటున్నారు, ఇంటికి 5 లక్షల డాలర్ల కవరేజీ ఉంటే అది 10 వేలు, అందుకే మీకు సున్నా వచ్చింది. వేరే ఇద్దరు రూఫర్ల దగ్గర వివరంగా ఎస్టిమేట్ రాయించి, రెండోసారి ఇన్‌స్పెక్షన్ అడగండి. అంకెలు 10 వేలకు బాగా పైన ఉంటేనే లైసెన్సు ఉన్న పబ్లిక్ అడ్జస్టర్ని పెట్టుకోండి, మన దగ్గర లేని సౌకర్యం అది, మీ తరఫున మాట్లాడే మనిషి. అక్కడ వాళ్ల ఫీజు వచ్చిన డబ్బులో 10 శాతం దాటకూడదు. పన్నెండు వేల ఎస్టిమేట్ అయితే మీకు మిగిలేది రెండు వేలు, అందులోంచి వాళ్ల వాటా. అంత చిన్నదానికి మీరే మాట్లాడుకోవడం నయం.