కోర్ అప్‌డేట్ తర్వాత పడిపోయిన ర్యాంకులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఇంట్లో మొక్కల పెంపకం గురించి కొన్నేళ్లుగా ఒక వెబ్‌సైటు నడుపుతున్నాను. గూగుల్ కోర్ అప్‌డేట్ (శోధన ఫలితాలను వరుసపెట్టే పద్ధతిలో చేసే పెద్ద మార్పు) తర్వాత సైటుకు వచ్చేవారి సంఖ్య సగానికి సగం పడిపోయింది. శీర్షికలు మార్చమని ఒకరు, పాత వ్యాసాలన్నీ తీసేయమని మరొకరు, ప్రచురణ తేదీలను కొత్తవిగా మార్చమని ఇంకొకరు చెబుతున్నారు. సైటుకు శిక్ష పడిందేమోనని భయంగా ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ఏయే పేజీకి ఎంత తగ్గిందో తెలిపే పట్టికను జతచేస్తున్నాను.

జవాబు: ముందుగా మీ భయం సంగతి చూద్దాం. కోర్ అప్‌డేట్ వల్ల స్థానం తగ్గడం శిక్ష కాదు. శిక్ష అనదగినది మాన్యువల్ యాక్షన్; అంటే గూగుల్ సిబ్బంది ఒక సైటును పరిశీలించి, నిబంధనలను ఉల్లంఘించిందని తేల్చి తీసుకునే చర్య. అలాంటిది ఉంటే, సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ సాధనంలో అదే పేరుతో ఉన్న నివేదికలో కనిపిస్తుంది, లోపాన్ని సరిదిద్దిన తర్వాత పునఃపరిశీలన కోరుతూ అభ్యర్థన పంపవచ్చు. ఆ నివేదికలో ఏమీ లేకపోతే మీ సైటుపై ఎవరూ చర్య తీసుకోలేదనే అర్థం. కోర్ అప్‌డేట్ ఏ ఒక్క సైటునూ ఉద్దేశించి చేసేది కాదు. పేజీలను అంచనా వేసే పద్ధతే మారుతుంది కనుక కొన్ని పైకి వస్తాయి, కొన్ని కిందికి జరుగుతాయి. అందుకే దీనికి అప్పీలు లేదు, ఒక్క మీట నొక్కితే సరిపోయే మరమ్మతూ లేదు.

తర్వాత తేదీలు చూడండి. అప్‌డేట్ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు పూర్తయిందో గూగుల్ తన సెర్చ్ స్టేటస్ డాష్‌బోర్డులో ప్రకటిస్తుంది. 2024 మార్చి 5న మొదలైన కోర్ అప్‌డేట్ ఏప్రిల్ 19 దాకా, అంటే 45 రోజులు సాగింది. ఆ మధ్యకాలంలో స్థానాలు ఊగిసలాడుతూ ఉంటాయి కాబట్టి ఆనాటి అంకెలను చూసి నిర్ణయాలు తీసుకోకూడదు. అప్‌డేట్ పూర్తయ్యాక కనీసం ఒక వారం ఆగి, ఆ వారాన్ని అప్‌డేట్ మొదలు కాకముందున్న వారంతో పోల్చాలి. పతనం అప్‌డేట్ కంటే ముందే మొదలై ఉంటే కారణం వేరే చోట ఉంటుంది: సైటు రూపం మార్చినప్పుడు పొరపాటున మిగిలిపోయిన నోఇండెక్స్ ట్యాగు (పేజీని ఫలితాల్లో చూపవద్దని చెప్పే గుర్తు), శోధన యంత్రం ఏ పేజీలు చదవవచ్చో చెప్పే రోబోట్స్ ఫైలులో పడిన అడ్డంకి, పాత చిరునామాల నుంచి కొత్తవాటికి రీడైరెక్టులు (దారి మళ్లింపులు) పెట్టకపోవడం, సర్వరు తరచూ మొరాయించడం వంటివి. రుతువును బట్టి ఆసక్తి మారే విషయమైతే నిరుటి అవే వారాలతోనూ పోల్చాలి. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలను నిల్వ ఉంచుతుంది కనుక అది సాధ్యమే.

పడిపోయింది సైటు మొత్తమా, కొన్ని పేజీలేనా అన్నది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. చాలామంది దీన్ని అడగకుండానే మార్పులు మొదలుపెడతారు. సెర్చ్ కన్సోల్‌లోని పర్ఫార్మెన్స్ నివేదికలో రెండు వారాలనూ పోల్చి, పేజీల జాబితాను క్లిక్కుల తేడా ప్రకారం అమర్చండి. బాగా నష్టపోయిన ఒక పేజీని ఎంచుకొని, ఏయే శోధన పదాలకు అది స్థానం కోల్పోయిందో చూడండి. రెండో స్థానం నుంచి నాలుగుకు జారిన పేజీని పెద్దగా కదిలించనక్కర్లేదు. నాలుగు నుంచి ఇరవై తొమ్మిదికి వెళ్లిన పేజీని మాత్రం మొదటి వాక్యం నుంచి మళ్లీ చదవాలి.

మీరు పంపిన పట్టికలో ఒక విషయం స్పష్టంగా కనిపిస్తోంది. బాగా పడిపోయినవి దాదాపు అన్నీ ‘ఇంట్లో పెంచదగిన పది మొక్కలు’ తరహా జాబితాలు. వేరుకుళ్లు గురించి మీ సొంత ఫొటోలతో రాసిన వ్యాసాలు ఉన్నచోటే ఉన్నాయి. మీ సైటు మొత్తంగా నమ్మకం కోల్పోలేదని, ఒక రకం పేజీలకే విలువ తగ్గిందని దీన్నిబట్టి గట్టిగా అనుకోవచ్చు.

జాబితాలు కాకుండా పడిపోయినవాటిలో ఆకులు పసుపుబారడం గురించి రాసిన వ్యాసం ఒకటి. మొక్కల ప్రాముఖ్యం మీద మూడు పేరాలు గడిచాక, కారణాలు నాలుగు మాటల్లో వస్తాయి: నీరు ఎక్కువ కావడం, తక్కువ కావడం, వెలుతురు చాలకపోవడం, పోషకాల లోపం. ఈ నాలుగూ నిజమే కానీ, తన మొక్కకు వీటిలో ఏది వర్తిస్తుందో చదివినవారికి తెలియదు. మట్టి తడిగా ఉండగానే కింది ఆకులు మెత్తబడి పసుపుబారితే నీరు ఎక్కువైనట్టు. కుండీ తేలికగా ఉండి ఆకు అంచులు పెళుసెక్కితే నీరు చాలనట్టు. ముదురు ఆకులు ముందుగా, ఆకంతా సమంగా పాలిపోతే నత్రజని లోపాన్ని అనుమానించాలి. లేత ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుము లోపాన్ని అనుమానించాలి. ఇవన్నీ మీకు తెలిసిన సంగతులేనని మీ వేరుకుళ్లు వ్యాసాలు చెబుతున్నాయి. ఆ పరిజ్ఞానం ఈ పేజీలోకి రాలేదు, అంతే. ఒక్కో లక్షణానికీ మీరు తీసిన ఫొటో పెట్టి, జవాబును మొదటి పేరాలోనే చెప్పి, మొక్కల ప్రాముఖ్యాన్ని తీసేస్తే ఇది మరెవరూ ఇవ్వలేని పేజీ అవుతుంది.

శోధన యంత్రం ఈ దిశగా కదలడం నిన్నమొన్నటిది కాదు. పస లేని పేజీలను కుప్పలుగా పోసే సైటులను వెనక్కి నెట్టేందుకు 2011 ఫిబ్రవరిలో పాండా అనే అప్‌డేట్ వచ్చింది. పాఠకుడి కోసం కాక శోధన యంత్రం కోసమే రాసిన కంటెంట్‌ను గుర్తించే ఏర్పాటు 2022 ఆగస్టులో మొదలై, 2024 మార్చిలో కోర్ ర్యాంకింగ్‌లోనే కలిసిపోయింది. కాబట్టి మళ్లీ పాత రోజులు వస్తాయని ఎదురుచూడటం వల్ల ప్రయోజనం లేదు.

ఇక మీకు వచ్చిన సలహాలు. వ్యాసంలో ఏమీ మార్చకుండా తేదీ మాత్రం మార్చడం పాఠకుణ్ని మోసగించడమే, అది ర్యాంకుకు ఉపకరించదని గూగుల్ కూడా చెబుతోంది. పాత వ్యాసాల తొలగింపును చివరి మార్గంగానే చూడాలి; ఎంత సవరించినా పనికిరానివి, కేవలం ట్రాఫిక్ కోసం రాసినవి అని మీకే అనిపించిన పేజీలను తీసేయవచ్చు, మిగతావాటిని బాగుచేయండి. ఒకే విషయం మీద మూడు బలహీనమైన వ్యాసాలు ఉంటే వాటిని ఒకటిగా కలిపి, పాత చిరునామాల నుంచి దానికి 301 రీడైరెక్టు (శాశ్వత దారి మళ్లింపు) ఇవ్వండి. శీర్షిక లోపలి విషయానికి సరిపోలనప్పుడే మార్చండి.

ఫలితం ఎప్పుడు కనిపిస్తుందని మీరు అడగలేదు, కానీ చెప్పి తీరాలి. కొన్ని మార్పుల ప్రభావం కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది. సైటు మొత్తం మీద అంచనా మారడానికి చాలా నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి తర్వాతి కోర్ అప్‌డేట్ దాకా ఆగాల్సి రావచ్చు. మధ్యలో ప్రకటించని చిన్న అప్‌డేట్లు కూడా జరుగుతుంటాయి. పాత స్థానమే మళ్లీ వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు; ఇచ్చేవారికి డబ్బు కట్టకండి. ఏ పేజీలో ఏ తేదీన ఏం మార్చారో రాసి పెట్టుకోండి. అది లేకపోతే, ఫలితం వచ్చిన నాడు కూడా ఏ మార్పు పనిచేసిందో తెలియదు.

ప్రశ్న: మా సైటుకు వేల సంఖ్యలో చెడ్డ బ్యాక్‌లింకులు (ఇతర సైటుల నుంచి మా సైటుకు వచ్చే లింకులు) ఉన్నాయని, వాటిని తొలగిస్తేనే ర్యాంకు తిరిగి వస్తుందని ఒక సంస్థ చెబుతోంది. నమ్మవచ్చా?

జవాబు: ఆ లింకులను మీరు కొనలేదు, ఎవరి చేతా పెట్టించలేదు అంటే నమ్మనక్కర్లేదు. కృత్రిమ లింకులను అరికట్టే పెంగ్విన్ అనే అప్‌డేట్ 2012 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఈ భయానికి కారణం ఉండేది. 2016 సెప్టెంబరులో అది కోర్ అల్గారిథంలో (స్థానాలను నిర్ణయించే ప్రధాన గణన పద్ధతిలో) భాగమైనప్పటి నుంచి చెడ్డ లింకుల కారణంగా సైటును కిందికి దించడం కంటే, ఆ లింకులను లెక్కలోకి తీసుకోకపోవడమే దాని పద్ధతి. ఊరూ పేరూ లేని సైటుల నుంచి లింకులు రావడం ప్రతి సైటుకూ జరిగేదే. లింకులను నిరాకరించే డిసావో సాధనం, కృత్రిమ లింకుల కారణంగా మాన్యువల్ యాక్షన్ వచ్చినవారికి, లేదా గతంలో లింకులు కొని అలాంటి చర్య తప్పదనిపించినవారికి ఉద్దేశించింది. మిగతావారు దాన్ని వాడితే తమకు మేలు చేస్తున్న మంచి లింకులను కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. మీరే లింకులు కొని ఉంటే మాత్రం ముందు వాటిని తీయించే ప్రయత్నం చేయండి.

ప్రశ్న: సైటు వేగం పెంచితే కోల్పోయిన స్థానం వస్తుందని మా డెవలపర్ అంటున్నారు.

జవాబు: వేగం పెంచండి, పాఠకుడికి మేలే. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించడం, తాకిన వెంటనే 200 మిల్లీసెకన్లలోపు స్పందించడం, చదువుతుండగా పేజీ అటూ ఇటూ జరగకపోవడం గూగుల్ సూచించే ప్రమాణాలు. అయితే జవాబు లేని పేజీ ఎంత త్వరగా తెరుచుకున్నా దానిలో జవాబు ఉండదు. కోర్ అప్‌డేట్‌లో బాగా కిందికి జారిన సైటుకు ఇది అసలు వైద్యం కాదు.

ప్రశ్న: మా పేజీల స్థానాలు మారలేదు, ఇంప్రెషన్లూ (ఫలితాల్లో మా పేజీలు కనిపించిన సార్లు) తగ్గలేదు. క్లిక్కులు మాత్రం నెలనెలా పడిపోతున్నాయి. ఇది కూడా అల్గారిథం మార్పేనా?

జవాబు: ఇది ర్యాంకు కోల్పోవడం కాదు కాబట్టి, పై జవాబుల్లోని చికిత్స దీనికి పనిచేయదు. శోధన ఫలితాల పేజీలోనే జవాబు దొరుకుతుండటం దీనికి ముఖ్య కారణం కావచ్చు. 2024 మే నుంచి గూగుల్ చూపుతున్న ఏఐ ఓవర్‌వ్యూలు (కృత్రిమ మేధ రాసే సారాంశాలు) ఫలితాలన్నిటికంటే పైన చాలా చోటు తీసుకుంటున్నాయి. క్లిక్కుల రేటు (కనిపించిన సార్లలో ఎన్నిసార్లు నొక్కారన్న నిష్పత్తి) ఏ శోధన పదాలకు తగ్గిందో చూసి, వాటిని ఫోనులో మీరే వెతికి చూడండి. ఒక్క వాక్యంతో తీరిపోయే ప్రశ్నలకు క్లిక్కులు మళ్లీ పెరుగుతాయని ఆశపెట్టుకోకుండా, పోల్చి చూసుకోవాల్సినవీ, ఫొటోలు, కొలతలు, అనుభవం అవసరమైనవీ అయిన ప్రశ్నల మీద మీ శ్రమ పెట్టండి. పేజీలోని వాక్యాలను ఫలితాల్లో చూపవద్దని చెప్పే నోస్నిప్పెట్ ట్యాగుతో మీ వాక్యాలు ఆ సారాంశాల్లోకి వెళ్లకుండా ఆపవచ్చు. కానీ దానితో మామూలు ఫలితం కింద కనిపించే రెండు వరుసల వివరణ కూడా పోతుంది, అప్పుడు మిగిలిన క్లిక్కులూ తగ్గవచ్చు. పెట్టాలనుకుంటే ముందు నాలుగైదు పేజీల్లో పెట్టి, నెల తర్వాత అంకెలు చూసి నిర్ణయించుకోండి.